టీకా రోజున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది వద్దు?

గుంటూరు కొత్తపేటలో మందుల షాపుకెళ్లి "రేపు టీకా ఉంది, ముందే వేసుకోవడానికి ఓ డోలో ఇవ్వండి" అని అడిగేవాళ్లుంటారు. టీకా అనగానే రోజువారీ బీపీ మాత్ర మానేసేవాళ్లూ ఉంటారు. రెండూ వద్దు.

ముందు రోజు రాత్రే, వాడుతున్న మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. "తెల్ల మాత్రండీ, పొద్దున ఒకటి" అంటే నర్సమ్మకు ఏం అర్థమవుతుంది? బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా మందులు ఎప్పటిలాగే వాడాలి. టిఫిన్ తినే బయల్దేరండి. మే నెల బెజవాడ ఎండలో ఖాళీ కడుపుతో నిలబడి కళ్లు తిరిగితే, నింద మాత్రం టీకా మీద పడుతుంది.

స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం వంటి జబ్బులకు ఇచ్చే మందు), క్యాన్సర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను ముందే అడగాలి. పెద్దవాళ్లు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రెండు వారాలకు మించి వాడుతుంటే తట్టు, ఆటలమ్మ వంటి బతికున్న క్రిములతో చేసిన టీకాలు సాధారణంగా వాయిదా వేస్తారు. టీకా కోసమని స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపేయడం మాత్రం ప్రమాదం.

సూది వేసేముందు, రక్తం పలచబడే మాత్రలు (వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్) వాడుతుంటే చెప్పండి. మానక్కర్లేదు. సన్న సూదితో వేయించుకుని, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. తర్వాత అరగంట అక్కడే కూర్చోండి.

ఇంటికొచ్చాక జ్వరమో ఒళ్లునొప్పులో వస్తే, అప్పుడు పారాసిటమాల్ (డోలోలో ఉండేది ఇదే). 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, జ్వరం రాకముందే ముందుజాగ్రత్తగా ఈ మందు ఇచ్చిన పసిపిల్లల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. పెద్దలు ఇంకో సంగతి చూసుకోవాలి: జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపితే మోతాదు పెరుగుతుంది.

అసలు తికమక పసిబిడ్డల మందు దగ్గరే. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 లేదా 250 ఉంటాయి. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఐదు కిలోల బిడ్డకు ఒక డోసు 50 నుంచి 75. 125 సిరప్ అయితే రెండు మిల్లీలీటర్లు సరే. అదే రెండు మిల్లీలీటర్లు డ్రాప్స్ పోస్తే 200! అందుకే సీసా మీది అంకె ఏఎన్ఎంకు చూపించి, బిడ్డ బరువు చెప్పి, ఎంత పోయాలో అడగండి. డోసుకూ డోసుకూ కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగుకు మించొద్దు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే టీకా వల్లే అని సరిపెట్టుకోకండి. వానాకాలంలో అది డెంగీ కావచ్చు, ఇబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర జోలికి పోకుండా రక్తపరీక్ష చేయించండి.

వాయిదా వేయకూడనిది కుక్కకాటు టీకా. ఏ మందు వాడుతున్నా సరే, గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు వెళ్లాలి. మలేరియా మందు క్లోరోక్విన్ గానీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు గానీ వాడుతుంటే అక్కడ చెబితే, టీకా ఎలా వేయాలో డాక్టర్ దాన్నిబట్టి నిర్ణయిస్తారు.