కొత్త నర్సుకి డ్యూటీలో వచ్చే సమస్యలు: తేడా ఎక్కడ కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

బీపీ చూడటం, క్యాన్యులా పెట్టడం, ఇంజెక్షన్ లోడ్ చేయడం ఇవన్నీ వచ్చనే అనుకుని రాస్తున్నా, అవి మళ్ళీ మొదట్నుంచి చెప్పను. చదువైపోయి కొత్తగా వార్డులోకొచ్చినవాళ్ళు ఒకే నాలుగైదు చోట్ల ఇరుక్కుంటారు, బ్యాచ్ మారుతుంది గానీ ఇరుక్కునే చోటు మారదు. అందులో ఒకదాని గురించి ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే అది పేషెంట్ ప్రాణం మీదకి తెస్తుంది, పైగా దాన్ని చెక్ చేయడానికి పట్టేది ఒక్క నిమిషం, అయినా ఎవరూ చేయరు.

సమస్య: షిఫ్ట్ అయిపోతుంది, పని అవ్వదు

"నేను స్లో" అని ఏడుస్తారు. స్లో కాదు. హ్యాండోవర్ (ముందు షిఫ్ట్‌వాళ్ళు పేషెంట్లని అప్పగించడం) అవ్వగానే నేరుగా మందుల ట్రాలీ పట్టుకోవడమే కారణం. మూడో బెడ్‌కి టాబ్లెట్లు ఇస్తుంటే ఏడో బెడ్ సెలైన్ అయిపోయిందని పిలుస్తారు, అటెళ్తే ఐదో బెడ్ యూరిన్ బ్యాగ్ నిండిపోయి ఉంటుంది, ఇక ఆ రోజంతా ఎవరు అరిస్తే అటు పరిగెత్తడమే.

మందులు ముట్టుకోకముందు అన్ని బెడ్లూ ఒక రౌండ్ వేయండి. మనిషిని పలకరించండి, సెలైన్ ఎంత మిగిలిందో చూడండి, క్యాన్యులా దగ్గర వాపుందేమో, డ్రెయిన్‌లో ఏం వస్తోందో, ఆక్సిజన్ ట్యూబ్ రెండో చివర నిజంగా ఫ్లోమీటర్‌కే ఉందో లేదో చూడండి (మాస్క్ మొహానికి చక్కగా ఉంటుంది, ట్యూబ్ మాత్రం ఊడి మంచం కింద వేలాడుతుంటుంది, ఎన్నిసార్లు చూశానో). ఒక కాగితం మీద గంటల వారీగా గళ్ళు గీసుకుని ఏ బెడ్‌కి ఎప్పుడు ఏముందో రాస్కోండి. వైటల్స్ (బీపీ, పల్స్, ఊపిరి, టెంపరేచర్ లాంటివి) బెడ్ దగ్గరే ఛార్ట్‌లో ఎక్కించేయండి, చివర్లో కూర్చుని అన్నీ ఒకేసారి రాద్దాం అనుకుంటే టైమూ పోతుంది, నంబర్లూ గుర్తుండవు. గుర్తులేని నంబర్లు ఎక్కడికి తీసుకెళ్తాయో ఇప్పుడు చెప్తా.

సమస్య: "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి సీరియస్ అయ్యాడు"

ఉన్నట్టుండి అవ్వడం చాలా తక్కువ. ముందు కొన్ని గంటల నుంచీ శరీరం చెప్తూనే ఉంటుంది, మనం చూడని చోట చెప్తుంది. ఇలాంటి కేసు అయ్యాక ఛార్ట్ తెరవండి, బీపీ మారుతూ ఉంటుంది, పల్స్ మెల్లగా ఎక్కుతూ ఉంటుంది, రెస్పిరేషన్ (నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి) కాలమ్‌లో మాత్రం 18, 18, 20, 18, 18. పక్క బెడ్‌దీ 18. దాని పక్కదీ 18. వార్డంతా కోరస్ పాడుతున్నట్టు ఊపిరి పీలుస్తున్నారన్నమాట.

కారణం ఏంటో అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు. బీపీకి మెషీన్ ఉంది, సాచురేషన్‌కి (రక్తంలో ఆక్సిజన్ శాతం) వేలికి పెట్టే ప్రోబ్ ఉంది, టెంపరేచర్‌కి థర్మామీటర్ ఉంది, రెస్పిరేషన్‌కి మాత్రం మనమే నిలబడి ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషం మిగుల్చుకోవడానికి పైన ఉన్న నంబరే కిందకి దించేస్తారు. సీనియర్లు కూడా అదే చేస్తుంటే కొత్తవాళ్ళు అదే పద్ధతి అనుకుని నేర్చేసుకుంటారు.

నేను ఒకసారి పొద్దున డ్యూటీకి హ్యాండోవర్ తీసుకున్నా, ఆపరేషన్ అయిన పేషెంట్, "స్టేబుల్, సాచురేషన్ 97" అన్నారు. రాత్రంతా రెస్పిరేషన్ 18 అని రాసుంది. దగ్గరికెళ్తే మనిషి దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, పేరు అడిగితే చెప్పాడు, ఎలా ఉందంటే మూడు మాటలు చెప్పి ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పాడు. లెక్కపెడితే 30. ఆక్సిజన్ నడుస్తోంది కాబట్టి సాచురేషన్ 97 ఉంది. ఆ 97 చూసే అందరూ ధైర్యంగా ఉన్నారు.

ఇక్కడే మోసం. సాచురేషన్ బాగుంటే ఊపిరి బాగున్నట్టు కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పెరుగుతున్నా, రక్తంలో యాసిడ్ పెరుగుతున్నా మనిషి ముందు ఊపిరి వేగం పెంచి సర్దుకుంటాడు, అలా సర్దుకుంటున్నంత సేపూ సాచురేషన్ పడదు. అది పడేసరికి సర్దుకునే ఓపిక అయిపోతుంది. షుగర్ పేషెంట్ కీటోయాసిడోసిస్‌లోకి (ఇన్సులిన్ చాలక రక్తంలో యాసిడ్ పెరగడం) వెళ్తుంటే లోతుగా, వేగంగా పీలుస్తుంటాడు, లంగ్స్ క్లియర్‌గా ఉంటాయి, సాచురేషన్ 99 ఉంటుంది, అందరూ "టెన్షన్ పడుతున్నాడు" అంటారు. దయచేసి మిగతావన్నీ చూడకుండా టెన్షన్ అనకండి. వయసులో ఉన్నవాళ్ళకి బీపీ చివరిదాకా నిలబడుతుంది, బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) మీద ఉన్నవాళ్ళకి పల్స్ పెరగాల్సినంత పెరగదు, పెద్దవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వీటన్నిట్లో ముందే పట్టించేది చాలాసార్లు రెస్పిరేషనే.

దీనికి వెనక వైపు కూడా ఉంది. మార్ఫిన్ లాంటి మందు నడుస్తున్న పేషెంట్ హాయిగా గురకపెట్టి పడుకున్నాడు కదా అని లేపరు. అతనికి ఊపిరి రేట్ తగ్గుతుంటుంది, అంతకంటే ముందే మత్తు ఎక్కువవుతుంది, ఆక్సిజన్ పెట్టి ఉంటే సాచురేషన్ మామూలుగానే చూపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పేరుకుంటుంది. లేపి చూడండి, మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్ళీ మత్తులోకి జారిపోతుంటే రేట్ 12 ఉన్నా సరే వెంటనే పిలవాల్సిందే. నాలోక్సోన్ (మార్ఫిన్‌కి విరుగుడు) ఇచ్చాక లేచి కూర్చున్నాడని వదిలేయకండి, దాని పవర్ మార్ఫిన్ కంటే ముందే దిగిపోతుంది, మళ్ళీ మత్తు రావచ్చు.

"మానిటర్‌లో రెస్పిరేషన్ వస్తుంది కదా" అంటారు. ఛాతీ మీద ఈసీజీ లీడ్స్ ఉన్నాయి కదా, ఛాతీ కదిలినప్పుడు వాటి మధ్య వచ్చే తేడాని బట్టి ఆ నంబర్ ఇస్తుంది. పేషెంట్ కదిలినా, మాట్లాడినా, దగ్గినా తప్పు చూపిస్తుంది. ఊపిరి దారి మూసుకుపోయి గాలి లోపలికి వెళ్ళకపోయినా ఛాతీ ఎగిరిపడుతుంటే దాన్నీ ఊపిరి కిందే లెక్కేసేస్తుంది. మనిషిని చూసి లెక్కపెట్టాల్సిందే.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క చూడండి. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళ న్యూస్ టూ స్కోర్ (2017లో వచ్చింది, వైటల్స్‌కి మార్కులు వేసి మనిషి ఎంత సీరియస్‌గా ఉన్నాడో చెప్తుంది) ప్రకారం రెస్పిరేషన్ 12 నుంచి 20 దాకా సున్నా, 21 నుంచి 24 అయితే 2, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 3, 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నా 3. ఇప్పుడు ఒక పేషెంట్: ఆక్సిజన్ మీద సాచురేషన్ 96, పల్స్ 104, పై బీపీ 112, టెంపరేచర్ 37.8 సెల్సియస్, తెలివిలోనే ఉన్నాడు. ఆక్సిజన్ ఉన్నందుకు 2, పల్స్‌కి 1. మీరు రెస్పిరేషన్ 18 అని దించేస్తే మొత్తం 3, అంటే మళ్ళీ నాలుగు నుంచి ఆరు గంటల్లోపు చూస్తే చాలు అని వస్తుంది. నిజంగా లెక్కపెడితే 24 ఉంది, స్కోర్ 5 అయిపోయింది, అంటే కనీసం గంటకోసారి వైటల్స్, డాక్టర్ అర్జెంటుగా వచ్చి చూడాలి. ఒక్క దొంగ నంబర్ ఆ మనిషిని నాలుగైదు గంటలు ఒంటరిగా వదిలేసింది.

లెక్కపెట్టే పద్ధతి: "ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పకండి, చెప్తే మనిషి తెలియకుండానే మార్చేస్తాడు. పల్స్ చూస్తున్నట్టు మణికట్టు మీద వేళ్ళు అలాగే ఉంచండి, అతని చెయ్యి అతని పొట్ట మీదే ఆనించి పట్టుకుంటే దుప్పటి ఉన్నా కదలిక తెలుస్తుంది. పీల్చి వదిలితే ఒకటి. పూర్తి 60 సెకన్లు. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తేడాకి నాలుగు తేడా వస్తుంది, 20 కాస్తా 24 అవుతుంది, ఇందాకటి స్కోర్‌లో అది ఎంతో చూశారుగా. లెక్కపెడుతూనే మెడ కండరాలు లాగుతున్నాయా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, వాక్యం ఆపకుండా చెప్పగలుగుతున్నాడా అవి కూడా చూసేయండి, వేరే టైమ్ అక్కర్లేదు. పిల్లలకి ఈ హద్దులు పనికిరావు, వాళ్ళకి వయసు బట్టి వేరే ఛార్ట్ ఉంటుంది.

ఎక్కువ వచ్చిందా, ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేస్కోండి. కూర్చోగలిగే పరిస్థితి ఉంటే తల వైపు ఎత్తండి, ఆక్సిజన్ ట్యూబ్ చివరిదాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళండి, మిగతా వైటల్స్ అన్నీ ఇప్పుడే కొత్తగా తీయండి, షుగర్ కూడా చూడండి, సీనియర్‌ని పిలవండి. బెడ్ వదిలి మీరు వెళ్ళొద్దు, ఇంకొకళ్ళని పంపండి. 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే మిగతావన్నీ బాగున్నా డాక్టర్‌కి చెప్పాల్సిందే, ఒక్కదాంట్లోనే 3 వచ్చినా సరిపోతుంది.

సమస్య: ఫోన్ చేస్తే డాక్టర్ కసురుకుంటున్నారు

కథ మొదట్నుంచి మొదలుపెట్టడం వల్ల. "సర్, ఆ బెడ్ పేషెంట్, మొన్న అడ్మిట్ అయ్యారు కదా, వాళ్ళబ్బాయి కూడా అడుగుతున్నాడు..." అంటే అర్ధరాత్రి ఎవరికైనా ఓపిక ఉండదు. ఎస్‌బార్ పద్ధతి (డాక్టర్‌కి విషయం నాలుగు ముక్కల్లో చెప్పడం) క్లాసులో చెప్పే ఉంటారు, ఇప్పుడు ఏమైంది, వెనక కథ ఏంటి, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలి. కొత్తవాళ్ళు చివరిది మింగేస్తారు. "సర్, పదో బెడ్ పేషెంట్‌కి రెస్పిరేషన్ 18 నుంచి 28కి పెరిగింది, నిన్న పొట్ట ఆపరేషన్ అయింది, నాకు సెప్సిస్ అనుమానంగా ఉంది, మీరు వచ్చి చూడాలి." ఇంతే (సెప్సిస్ అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి రావడం). ఛార్ట్ చేతిలో పెట్టుకునే ఫోన్ చేయండి. "అబ్జర్వ్ చేయండి" అని పెట్టేయబోతే, ఎంత దాటితే మళ్ళీ పిలవాలో అడిగి టైమ్‌తో సహా రాసుకోండి. రానంటే ఆ పైవాళ్ళకి చెప్పండి, దానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

సమస్య: సెలైన్ ఎక్కట్లేదు

క్యాన్యులా మార్చేద్దామని ట్రే తెచ్చేస్తారు. ఆగండి. పేషెంట్ చేతి దగ్గర మొదలుపెట్టి బాటిల్ దాకా చూస్తూ వెళ్ళండి. మోచెయ్యి మడిచాడా, అదే చేతికి బీపీ కఫ్ ఉందా, ట్యూబ్ మంచం రెయిలింగ్‌లో నలిగిందా, త్రీ వే (లైన్ మధ్యలో ఉండే మూడు దారుల ట్యాప్) సగంలో తిప్పి ఉందా, క్లాంప్ మూసి ఉందా. చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది. వాపు, చల్లదనం, నొప్పి ఉంటే మాత్రం ఆలోచించకుండా ఆపి తీసేయండి. వెనక్కి రక్తం వచ్చింది కాబట్టి లైన్ బాగుందనుకోవద్దు, కొంచెం బయటికి లీకవుతున్నా రక్తం వెనక్కి రావచ్చు.

సమస్య: సాచురేషన్ ఒక్కసారిగా 70 చూపిస్తోంది

ముందు మనిషి మొహం చూడండి. కబుర్లు చెప్తున్నాడా, అయితే చల్లబడిన వేలు, నెయిల్ పాలిష్, జారిన ప్రోబ్, అదే చేతికి ఉబ్బుతున్న బీపీ కఫ్. వేలు మార్చి, వేవ్ సరిగా వస్తుందో చూసి అప్పుడు నంబర్ నమ్మండి. మనిషి తేడాగా ఉంటే ప్రోబ్ సంగతి తర్వాత.

ఇవి కాక బీపీ మెషీన్ కాలిబ్రేషన్ పోవడం, వాల్ ఆక్సిజన్ ప్రెషర్ పడిపోవడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. అనుమానం వస్తే పక్క బెడ్ మెషీన్ తెచ్చి ఇంకోసారి చూడండి, తేడా వస్తే పాతదానికి "పనిచేయట్లేదు" అని స్లిప్ అతికించి బయోమెడికల్ వాళ్ళకి ఇచ్చేయండి. స్లిప్ లేకుండా మూలన పెడితే తర్వాత షిఫ్ట్‌వాళ్ళు దాన్నే తెచ్చి వాడేస్తారు.