విద్యా సదుపాయాల దరఖాస్తు రాయడం – మూడవ పాఠం: అడ్డంకి నుంచి అభ్యర్థన దాకా

వైకల్యం ఉన్న విద్యార్థులుగా చదువులో మీకు ఎదురవుతున్న అడ్డంకులను పని వారీగా రాయమని రెండవ పాఠం చివర అడిగాను. వాటిని మీ విశ్వవిద్యాలయానికి ఇచ్చే దరఖాస్తుగా కూర్చడం ఈ పాఠం ఉద్దేశం. అయితే వచ్చిన జవాబులు చదివాక, ముందుగా అక్కడే కొంతసేపు ఆగడం మంచిదని అనిపించింది. ఎక్కువ మంది అడ్డంకులకు బదులు వైద్య చరిత్ర రాశారు. ఏ వయసులో జబ్బు బయటపడింది, ఎక్కడెక్కడ చూపించారు, సదరం శిబిరంలో (వైకల్య ధ్రువపత్రం కోసం పరీక్షించే ప్రభుత్వ శిబిరం) ఎంత శాతం వేశారు అన్నవి వివరంగా ఉన్నాయి. పరీక్ష హాలులో ఏ పని దగ్గర ఇబ్బంది మొదలవుతుందో, అది మొదలవడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. దరఖాస్తు చదివేది పరీక్షల విభాగం అధికారి. మీకు ఏ గది కేటాయించాలి, ఎంత సమయం ఇవ్వాలి, ప్రశ్నపత్రం ఏ రూపంలో ముద్రించాలి అన్నవి ఆయన తేల్చవలసిన విషయాలు. వాటికి జవాబు ఇవ్వని దరఖాస్తును, ఎంత సానుభూతితో చదివినా, ఆయన పక్కన పెట్టడం తప్ప ఏమీ చేయలేరు.

ఒక చిత్తుప్రతిని దగ్గరగా చూద్దాం. చూపు తక్కువగా ఉన్న ఒక విద్యార్థి ఇలా రాశారు: "నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నది. 75 శాతం వైకల్యం. దయచేసి చట్టప్రకారం రావలసిన అన్ని సదుపాయాలు కల్పించగలరని ప్రార్థన." ఇందులో అధికారి చేయగలిగిన పని ఒక్కటీ లేదు. "అన్ని సదుపాయాలు" అన్న మాటను నేను ఏ దరఖాస్తులోనూ ఉంచనివ్వను, ఎందుకంటే అన్నీ అడిగినవారికి సాధారణంగా అందరికీ ఇచ్చేది ఏదో ఒకటి ఇచ్చి ఊరుకుంటారు. అదే అభ్యర్థనను ఇలా మార్చవచ్చు: "ప్రశ్నపత్రంలోని మామూలు అక్షరాలను చదవడానికి కాగితాన్ని కంటికి దాదాపు ఆనించుకోవలసి వస్తుంది, ఒక పేజీకి పది నిమిషాలు పడుతుంది, పటాలలోని సన్నని గీతలు కనబడవు. అందువలన 18 పాయింట్ల అక్షరాలతో ఏ4 కాగితంపై ఒకవైపే ముద్రించిన ప్రశ్నపత్రాన్ని, కిటికీ వెలుగు నేరుగా కంట్లో పడని చోటును, మూడు గంటల పరీక్షకు ఒక గంట అదనపు సమయాన్ని కోరుతున్నాను." ఏ4 అని ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. పెద్ద అక్షరాలు అడగగానే చాలా చోట్ల పాత ప్రశ్నపత్రాన్నే ఏ3 కాగితం మీదికి జిరాక్స్ తీస్తారు. బల్ల మీద అది పట్టదు, పటాలు మరింత మసకబారతాయి.

వినికిడి లోపం ఉన్నవారి జవాబుల్లో వేరే లోటు కనిపించింది. వారందరూ సెమిస్టర్ పరీక్షల గురించే రాశారు, కానీ వారికి అసలు నష్టం తరగతిలో జరుగుతోంది. అధ్యాపకులు బోర్డు వైపు తిరిగి మాట్లాడినంతసేపూ పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే వీలుండదు. కనుక పాఠం స్లయిడ్లు ముందురోజే ఇవ్వాలని, వైవాలో ప్రశ్నలను రాసి చూపించాలని అడగండి. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్నవారికి హాజరు ముఖ్యం. ఈ వ్యాధి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఉంది. నొప్పి తీవ్రమై ల్యాబ్ తప్పినప్పుడు మరో బ్యాచ్‌తో చేసే అవకాశం కోరవచ్చు.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే పొరపాటు దగ్గరికి వస్తాను. "నాది 30 శాతమే, అడిగే అర్హత నాకు లేదు" అంటూ కొందరు అభ్యాసమే చేయకుండా వదిలేశారు. కళాశాల కార్యాలయాల్లోనూ ఈ మాట తరచుగా వినబడుతుంది. 40 శాతం అనే గీత చట్టంలో నిజంగానే ఉంది, కానీ దాని పని వేరు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల కేటాయింపుకు, ప్రవేశ వయసులో ఐదేళ్ల సడలింపుకు ఆ గీత వర్తిస్తుంది. ప్రవేశం పొందిన తరువాత చదువులో చేయవలసిన సహేతుకమైన సర్దుబాట్లకు చట్టం శాతాన్ని షరతుగా పెట్టలేదు. దీర్ఘకాలిక లోపం ఉండి, అది చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి మిగతావారితో సమానంగా పాల్గొననివ్వకపోతే, ఆ వ్యక్తి చట్టం దృష్టిలో దివ్యాంగుడే. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ – యు.పి.ఎస్.సి. కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే తేల్చి చెప్పింది. రైటర్స్ క్రాంప్ కారణంగా చేత్తో రాయలేని అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను, అంటే చెప్పిన జవాబు రాసిపెట్టే సహాయకుణ్ణి, నిరాకరించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తరువాత, 40 శాతం కంటే తక్కువ వైకల్యంతో రాయడంలో ఇబ్బంది ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టు 10న మార్గదర్శకాలు విడుదల చేసింది. రాతకు ఇబ్బంది ఉన్నదని ప్రభుత్వ వైద్యాధికారులు నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రాన్ని వాటిలో అడిగారు. యు.డి.ఐ.డి. కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఒక్కటే జతచేసి ఊరుకోకండి. రాత ఇబ్బందిని చెప్పేది ఆ ధ్రువపత్రమే.

ఇదే పొరపాటు రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. శాతం ఎక్కువగా ఉన్నవారు ఆ అంకె చూడగానే అధికారికి అంతా అర్థమవుతుందని అనుకుంటారు. కాళ్లకు సంబంధించిన 80 శాతం వైకల్యం ఉన్న విద్యార్థికి ముందుగా కావలసింది కింది అంతస్తులో గది, చక్రాల కుర్చీ లోపలికి వెళ్లే ఎత్తున్న బల్ల, దగ్గరలో వాడుకోగల మరుగుదొడ్డి. ఇవేవీ 80 అనే అంకెలో కనబడవు. శాతం ధ్రువపత్రంలో ఉంటే చాలు. దరఖాస్తులోని ప్రతి వాక్యం పనిని, అడ్డంకిని, కోరే మార్పును చెప్పాలి.

సమయం లెక్క తేలికే. 2018 ఆగస్టు 29 నాటి కేంద్ర మార్గదర్శకాలలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని రాశారు. గంటన్నర మిడ్ పరీక్షకు అరగంట, రెండు గంటల పరీక్షకు 40 నిమిషాలు అవుతుంది. ఇంటర్నల్ పరీక్షలను కూడా దరఖాస్తులో పేర్కొనండి, లేకపోతే సెమిస్టర్ పరీక్షలకే పరిమితం చేస్తారు. టైపు చేయగలిగితే స్క్రైబ్ కంటే కంప్యూటర్‌నే కోరుకోమని నేను చెబుతాను. వ్యాసాల పరీక్షలో సొంత వాక్యాన్ని సొంతంగా దిద్దుకోవచ్చు. రసాయన నిర్మాణాలు, సమీకరణాలు ఉన్న పరీక్షలో మాత్రం స్క్రైబ్ అవసరం కావచ్చు, అప్పుడు ఆ విషయం తెలిసిన వ్యక్తి కావాలని, పరీక్షకు ముందు ఆయనతో కూర్చుని సాధన చేసే వీలు ఇవ్వాలని రాయండి. స్క్రైబ్ అర్హతల నిబంధనలు మారుతూ వచ్చాయి కనుక మీ విశ్వవిద్యాలయం తాజా ప్రకటన చూసి ఆ వాక్యం పూర్తి చేయండి.

తేదీ, చిరునామా, హాల్ టికెట్ నంబరు వంటి వాటి గురించి వేరే చెప్పనక్కరలేదు. దరఖాస్తును పరీక్షల నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా సెమిస్టర్ మొదట్లోనే ఇచ్చి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ఇన్‌వార్డ్ నంబరు (కార్యాలయానికి అందినట్టు వేసే సంఖ్య), ముద్ర వేయించుకోండి. ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని, నమోదైన ఫిర్యాదును రెండు వారాల్లో విచారించాలని చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ ముద్ర లేకుండా అక్కడ మాట్లాడడం కష్టమవుతుంది.

అభ్యాసం: మీ సబ్జెక్టులోని పాత మూడు గంటల ప్రశ్నపత్రాన్ని రెండు వేర్వేరు రోజుల్లో రాయండి, మొదటిసారి ఏ సదుపాయమూ లేకుండా, రెండవసారి మీరు కోరబోయే సదుపాయాలతో. నొప్పిని ఓర్చుకోవడం ఈ అభ్యాసంలో భాగం కాదు, కనుక చేయి లేదా కన్ను సహకరించని క్షణంలో ఆపి, ఆ నిమిషాన్ని రాసుకోండి. ప్రతి అరగంటకూ ఎన్ని ప్రశ్నలు చదివారో, ఎన్ని పుటలు రాశారో, దేనికి ఆగారో నమోదు చేయండి. ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టుకొని, ఒక్క పుట మించకుండా దరఖాస్తు రాయండి. జబ్బు పేరు అందులో ఒక్కసారే రావాలి. నాలుగవ పాఠంలో ఆ పుటనే తీసుకొని, విశ్వవిద్యాలయం పాక్షికంగా అంగీకరించినప్పుడు రాయవలసిన రెండవ లేఖను తయారుచేస్తాం.