గోదావరి డెల్టా నుంచి జాగ్రఫీలోకి: చదువు, పటం, ఉద్యోగం

జాగ్రఫీలో స్థిరపడాలనుకునే డెల్టా పిల్లలకు మొదట చెప్పాల్సింది ఒకటే. చదువు పూర్తయ్యేలోగా మీ మండలం మీద ఒక పటం మీరే తయారుచేయండి. అందులో ప్రతి గీతకూ ఆధారం చూపగలగాలి. మార్కుల జాబితాలు అందరి దగ్గరా ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో రొయ్యల చెరువునీ వరద నీటినీ ఎలా విడదీశారో చెప్పగలిగినవాళ్లు తక్కువ.

చదువు సంగతి ముందు ముగిద్దాం. ఇంటర్‌లో జాగ్రఫీ ఉన్న కాలేజీలు తక్కువే, అది లేదని కంగారు పడక్కర్లేదు. ఎంపీసీ వాళ్లకు పటాల లెక్కలు, స్టాటిస్టిక్స్ తేలిగ్గా పట్టుబడతాయి. హెచ్‌ఈసీ వాళ్లకు జనాభా, ఊళ్ల పుట్టుక, ఆర్థిక భూగోళం దగ్గరగా ఉంటాయి. పీజీకి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లో ఉస్మానియా ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్‌లో చేసే ఎంటెక్‌కి పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఆ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా నడిపే చిన్న కోర్సులు డిగ్రీ చదువుతూనే చేసుకోవచ్చు. పీజీ నోటిఫికేషన్‌లో ఏ డిగ్రీ సబ్జెక్టులు అడుగుతున్నారో డిగ్రీలో చేరకముందే చూసుకోండి. మూడేళ్లు చదివాక అర్హత లేదని తెలిస్తే చేయగలిగేది పెద్దగా ఉండదు.

ఇక పటం. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ చాలు. ప్రాజెక్టు తెరవగానే ప్రొజెక్షన్‌ను (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిని) యూటీఎం 44 ఉత్తరానికి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 32644 అనే కోడ్‌కి మార్చండి. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల వరకు ఇదే జోన్, మన డెల్టా మొత్తం ఇందులోనే పడుతుంది. డిగ్రీల్లోనే వదిలేస్తే దూరాలు, విస్తీర్ణాలు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో (నేల వివరాల పటాల్లో) భీమవరం, నర్సాపురం 65 హెచ్‌లో, కాకినాడ, యానాం 65 ఎల్‌లో ఉంటాయి. అమలాపురం 82 డిగ్రీల రేఖాంశం దగ్గర, సరిగ్గా ఈ రెండింటి అంచున ఉంది కాబట్టి రెండూ కావాలి. ఆ పాత షీట్లు ఎవరెస్ట్ దీర్ఘగోళం అనే పాత భూమి ఆకారపు లెక్క మీద గీసినవి. వాటిని నేరుగా, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో ఉన్న ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే కాలువలన్నీ వందల మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తాయి. అది చూసి ఏరు దారి మార్చుకుందని రాసేయకండి. ముందు డేటమ్‌ను, అంటే ఆ ఆధార లెక్కను, సరిచేసి, పాత వంతెనలు, లాకులు, రోడ్ల కూడళ్ల వంటి కదలని గుర్తులతో సరిపోల్చండి.

మొదటి పటానికి 2022 జూలై వరద మంచి విషయం. పి.గన్నవరం వైపు లంకల్లో ఏదో ఒక భాగం తీసుకోండి. డెల్టా అంతా ఒకేసారి చేయాలనుకుంటే ఏదీ పూర్తికాదు. వరద రోజుల్లో ఆకాశమంతా మబ్బే కాబట్టి మామూలు చిత్రాలు పనికిరావు. మబ్బుల్లోంచి చూడగలిగే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి. సెంటినెల్-1 జంట ఉపగ్రహాల్లో ఆ ఏడాది ఒక్కటే పనిచేస్తోంది, అది ఒకచోటికి పన్నెండు రోజులకొకసారి వచ్చేది. అందువల్ల మీకు దొరికిన చిత్రం తేదీనీ, ఆ రోజు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్నీ పటం మీద తప్పక రాయండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. ఆ అంకె లేకుండా ‘వరద పటం’ అంటే ఏ స్థాయి వరదో చదివేవాళ్లకు తెలియదు.

రాడార్‌లో నిలకడ నీరు నల్లగా వస్తుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. చేపల చెరువులు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటాయి. సార్వా నాట్లు పడిన చేలు వరద లేకపోయినా నల్లగానే కనిపిస్తాయి. ఈ రెండింటినీ తీసేయడానికి రెండు పాత చిత్రాలు కావాలి. ఒకటి దాళ్వా కోతలై కాలువలు కట్టేసిన మే నెలది: అందులో నల్లగా ఉన్నవి చెరువులు, ఏటి పాయలు. రెండోది వరద లేని ఏడాది అదే జూలైది: అందులో కొత్తగా నల్లబడినవి నాట్లు. మిగిలినదే వరద నీరు. కొబ్బరి తోటల్లో తప్పు దీనికి ఎదురుగా జరుగుతుంది. సెంటినెల్-1 అలలు కొబ్బరి మట్టలను దాటి కిందిదాకా బాగా దిగవు, మోకాలి లోతు నీరున్న తోట కూడా పొడిగా కనిపిస్తుంది. లంకల్లో ఇది చిన్న విషయం కాదు, అక్కడ జనం ఉండేది ఆ తోటల్లోనే. అలాంటి తోటలను ‘చెప్పలేం’ అని వేరే రంగులో చూపించడం నిజాయితీ.

ఎత్తుల డేటాలోనూ ఇదే చిక్కు. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం అనే అంతరిక్ష నౌక సర్వే ఎత్తులు 2000 ఫిబ్రవరిలో రాడార్‌తో కొలిచినవి. చెట్లున్నచోట అవి నేల ఎత్తుకు చెట్ల ఎత్తులో కొంత కలిపి చెబుతాయి. తీరానికి దగ్గర్లో నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎక్కువ, పొరపాటూ కొద్ది మీటర్లే. సముద్రం ఒక మీటరు పెరిగితే ఏ ఊళ్లు మునుగుతాయో దానితో గీసిన పటం చూడ్డానికి బాగుంటుందేమో గానీ, నమ్మడానికి లేదు.

అందుకే ఊళ్లోకి వెళ్లాలి. నీరుందని పటం చెప్పినచోట పదిహేను, లేదని చెప్పినచోట పదిహేను బిందువులు ముందే ఎంచుకుని వెళ్లండి. తేలిగ్గా చేరగలిగినవే ఎంచుకుంటే ఏటిగట్టు రోడ్డు వెంట ఉన్నవే పడతాయి. గట్టు మెరక కాబట్టి పటం అసలుకన్నా బాగున్నట్టు తేలుతుంది. పెద్దవాళ్లను ‘నీళ్లు ఎంత వచ్చాయండీ’ అని కాకుండా ‘ఎనభై ఆరు వరదకి ఈ గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయండీ’ అని అడగండి, చేత్తో చూపిస్తారు. నేల నుంచి ఆ గుర్తు దాకా టేపుతో కొలవండి. ఫోన్ జీపీఎస్ చూపించే ఎత్తును రాసుకోవద్దు, చోటు గుర్తుకు మాత్రం అది పనికొస్తుంది. రెండు గుర్తుల మధ్య ఎత్తు తేడాకి తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకపు నీళ్ల పైపే మేలు. పైపులో గాలి బుడగ మిగిలితే కొలత తప్పుతుంది. వెళ్లినదారినే కొలుచుకుంటూ వెనక్కి వచ్చి, మొదటి గుర్తు దగ్గర తేడా ఎంత వచ్చిందో రాసుకోండి.

అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం కోత మీద చేయాలనుకునేవాళ్లు పోటు, పాటు వేళలు చూడకుండా మొదలుపెట్టకూడదు. నూటికి ఒకటి వాలున్న తీరంలో నీరు ఒక మీటరు పెరిగితే నీటి అంచు వంద మీటర్లు లోపలికి వస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో అది మూడు గడుల (పిక్సెళ్ల) పైమాటే. కోరంగి మడ అడవుల పక్కన ఉన్న బురద నేలల్లో వాలు ఇంకా తక్కువ. ఏళ్ల తేడాతో రెండు చిత్రాలు పోల్చేటప్పుడు ఒకే నెలవి, దాదాపు ఒకే నీటిమట్టంలో తీసినవి ఎంచుకోండి. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం తేటగా ఉంటుంది. మొగల దగ్గర ఇసుక తిన్నెలు ఏడాదిలోనే ఇటూ అటూ జరుగుతాయి కాబట్టి రెండు చిత్రాలతో ఆపకుండా మధ్యలో నాలుగైదు పెట్టండి.

ఉద్యోగాల విషయానికొస్తే, హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం), ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం), సర్వే ఆఫ్ ఇండియా ఉన్నాయి, రాష్ట్రంలో ఏపీ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఉంది. వాటి ప్రాజెక్టు పోస్టులు కాలపరిమితి ఉన్నవి, ఆ సంగతి తెలిసే చేరండి. ప్రైవేటు జీఐఎస్ (కంప్యూటర్ పటాల) కంపెనీల్లో మొదట ఇచ్చేది ఎక్కువగా డిజిటైజింగ్, అంటే చిత్రం మీద గీతలు గీసే పని. ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోకూడదంటే పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. అధ్యాపకులు కావాలంటే పీజీలో 55 శాతంతో యూజీసీ నెట్ గానీ ఏపీసెట్ గానీ అర్హత పరీక్ష రాయాలి. నెట్‌లో జాగ్రఫీ కోడ్ 80. సివిల్స్‌లో ఇది ఐచ్ఛికంగా 500 మార్కుల సబ్జెక్టు. ఏ దారిలో వెళ్లినా ఎఫ్‌ఎంబీ (పొలాల సర్వే కొలతల పుస్తకం) చదవడం నేర్చుకోండి: గొలుసు 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఎకరం. లంకల్లో సర్వే రాళ్లు ఏటి కోతకు పోతుంటాయి కాబట్టి, కొలత మొదలుపెట్టేముందు మిగిలిన రాళ్లేవో గ్రామ సర్వేయరును అడిగి తెలుసుకోండి. కనీసం మూడు రాళ్లు దొరికితే తప్ప ఎఫ్‌ఎంబీ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టకండి.