టెస్టులన్నీ పాస్, టికెట్ రేటు మాత్రం తప్పు: ఏ విలువలు వేసి చూడాలి?

విశాఖ మధురవాడలో మా టీమ్ ఒక బోటు షికారు టికెట్ల యాప్‌ను టెస్ట్ చేసింది. క్లయింట్ చెప్పిన రూల్: 5 ఏళ్ల లోపు ఉచితం, 5 నుంచి 11 దాకా హాఫ్ టికెట్, 12 నుంచి 59 దాకా ఫుల్, 60 నిండితే రాయితీ.

సమస్య: రెండొందల టెస్టులు పాస్. మొదటి ఆదివారమే పన్నెండేళ్ల పిల్లాడికి హాఫ్ టికెట్ వచ్చింది.

కారణం: మేం వేసిన వయసులు 22, 25, 31, 40... అన్నీ ఒకే గుంపువి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, నిజమే. కానీ ఇక్కడ పొయ్యి మీద నాలుగు గిన్నెలున్నాయి. మేం ఒక్క గిన్నెలోనే రెండొందల మెతుకులు నలిపి చూశాం.

పరిష్కారం: గిన్నెకో మెతుకు: 3, 8, 30, 70. తర్వాత అంచులు: 0, 4, 5, 11, 12, 59, 60. డెవలపర్ ‘12 కంటే తక్కువ’ అని రాయాల్సిన చోట ‘12 లేదా తక్కువ’ అని రాశాడు. 11 వేసినా, 13 వేసినా రేటు సరిగ్గానే వస్తుంది. 12 వేస్తేనే దొరుకుతుంది. మొత్తం పదకొండు టెస్టులు. రెండొందలు రాసిన టైపింగ్ కష్టం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

సమస్య: ఫోన్ నంబరు ఖాళీగా వదిలేసినా బుకింగ్ అయిపోతోంది. మేం టెస్ట్ చేసినప్పుడు ఎర్రర్ వచ్చిందే!

కారణం: ఒకే టెస్టులో వయసు మైనస్ 1 వేసి, ఫోన్ ఖాళీగా వదిలాం. యాప్ వయసు దగ్గరే ఎర్రర్ చూపి ఆగిపోయింది, ఫోన్ దాకా రానేలేదు.

పరిష్కారం: టెస్టుకు ఒక్క తప్పే. మిగతావన్నీ సరైనవి ఇవ్వాలి.

సమస్య: తర్వాతి విడతలో వయసు బదులు పుట్టిన తేదీ అడిగాం. పగలు అంతా బాగుంది. సూర్యోదయం షికారుకు తెల్లవారుజామున బుక్ చేసిన కొందరికే రేటు తప్పు. రెండు రోజులు టెన్షన్ పెట్టింది.

కారణం: సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికంగా పెట్టుకున్న సమయం) ఉంది. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. విశాఖలో ఉదయం 5 అయితే సర్వర్‌కు ఇంకా నిన్న రాత్రి 11:30. ఆ రోజే పన్నెండు నిండిన పిల్లాడికి దాని లెక్కలో ఇంకా పదకొండే.

పరిష్కారం: ఇక్కడ అంచు వయసులోనే కాదు, గడియారంలోనూ ఉంది. అర్ధరాత్రి 12కి ఒక నిమిషం ముందు, సరిగ్గా 12కి, తెల్లవారుజామున 5:29కి, సర్వర్‌లో తేదీ మారే 5:30కి బుక్ చేసి చూడండి. ఆ రోజే పన్నెండు నిండేవాడు, మర్నాడు నిండేవాడు, ఫిబ్రవరి 29న పుట్టినవాడు ముగ్గురూ లిస్టులో ఉండాలి. లెక్కించాల్సింది బుకింగ్ నాటి వయసా, షికారు నాటి వయసా? అది క్లయింట్‌నే అడగాలి, మనం ఊహించకూడదు.

సమస్య: బుకింగ్ పేజీలో నింపాల్సిన నాలుగు గడులు, ఒక్కోదానికి మూడు విలువలు. కలిపితే 81 టెస్టులు. అంత టైం లేదు.

పరిష్కారం: ఏ రెండు గడులు తీసుకున్నా వాటి విలువల జతలన్నీ ఒక్కసారైనా వచ్చేలా పేరిస్తే 9 టెస్టులు సరిపోతాయి. మూడు గడులు కలిస్తేనే బయటపడే తప్పు వీటికి చిక్కకపోవచ్చు. అందుకే డబ్బు లెక్క ఉన్న పేజీకి మాత్రం నేను మొత్తం 81 టెస్టులూ ఆటోమేషన్‌లో (ప్రోగ్రామే వాటంతట అవి నడిపేలా) పెట్టేస్తాను.