టంగ్‌స్టన్ ఖనిజాలు – 4వ పాఠం: పక్కరాయిని చదవడం

గత పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోల్లో చాలావరకు అతినీలలోహిత (యూవీ) కాంతిలో నీలంగా వెలిగే రాళ్లే. వెలిగింది కాబట్టి షీలైట్ (కాల్షియం ఉన్న టంగ్‌స్టన్ ఖనిజం) అని రాసేశారు. ఇది తేలకుండా ముందుకు వెళ్లడం కుదరదు.

నోట్లు చెక్ చేసే చిన్న యూవీ టార్చి కాంతి సాధారణంగా 365 నానోమీటర్లది. షీలైట్ బాగా వెలగాలంటే 254 నానోమీటర్ల యూవీ ల్యాంపు కావాలి, దానికి యూవీని ఆపే కళ్లద్దాలు తప్పనిసరి. టార్చికి వెలిగింది ఫ్లోరైట్ కావచ్చు, కాల్సైట్ కావచ్చు. పోనీ, 254 కిందైనా రంగును నమ్మగలమా? మాలిబ్డినం కలిస్తే షీలైట్ నీలం తెలుపు వదిలి పసుపుకు తిరుగుతుంది. కాల్సైట్ కూడా కొన్నిచోట్ల వెలుగుతుంది. ఇక వోల్ఫ్రమైట్ (ఇనుము, మాంగనీస్ ఉన్న నల్లటి టంగ్‌స్టన్ ఖనిజం) ఏ ల్యాంపుకీ వెలగదు. వెలగలేదని నల్లరాళ్లను పారేసినవాళ్లు వెళ్లి మళ్లీ ఏరుకోండి.

నేనైతే ల్యాంపు కంటే ముందు బరువు చూస్తాను. ఫ్లోరైట్ సాంద్రత (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో) 3.2, షీలైట్‌ది సుమారు 6, వోల్ఫ్రమైట్‌ది 7 పైనే. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోతుంది.

ఇక అసలు పాఠం: పక్కరాయి, అంటే ఖనిజం చేరిన పగులుకు ఇరువైపులా ఉండే రాయి. గ్రానైట్ శిలాద్రవం చల్లబడేటప్పుడు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు టంగ్‌స్టన్‌ను తమలో చేరనివ్వవు. అది చివరిదాకా ద్రవంలోనే మిగిలి, వేడినీటితో కలిసి పగుళ్లలోకి పోతుంది. అక్కడ ఇనుము, మాంగనీస్ దొరికితే వోల్ఫ్రమైట్, కాల్షియం దొరికితే షీలైట్. రాజస్థాన్‌లోని డేగానాలో గ్రానైట్‌ను కోసుకుపోయే క్వార్ట్జ్ సిరల్లో (పగుళ్లు ఖనిజంతో నిండి ఏర్పడిన పట్టీల్లో) వోల్ఫ్రమైట్ ఉంది. దక్షిణ కొరియాలోని సాంగ్‌డాంగ్‌లో వేడినీరు సున్నపురాయి పొరల్ని మార్చేసి స్కార్న్ అనే కొత్త రాయిగా చేసింది, అందులో షీలైట్ పట్టింది. సున్నపురాయి లేనిచోట షీలైట్ ఉండదని మాత్రం అనుకోకండి. కోలార్ బంగారు సిరల్లోనూ షీలైట్ ఉంది. అక్కడి పక్కరాయి యాంఫిబొలైట్ అనే ముదురు రంగు రూపాంతర శిల, అందులో కాల్షియానికి కొదవ లేదు. అందుకే రాయి ఒక్కటే ఫోటో తీసి పంపితే నేను చెప్పగలిగేది తక్కువ. అది అంటుకుని ఉన్న గోడను, అంటే పక్కరాయిని కూడా తీయండి.

అభ్యాసం: వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నాకు తెండి. రాయిని దారంతో నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఇప్పుడు లెక్క. రాయి బరువు 240 గ్రాములు, నీళ్లలో కాటా 60 చూపింది. రాయిలో క్వార్ట్జ్ (2.65), షీలైట్ (6) తప్ప ఇంకేమీ లేవనుకోండి. బరువులో షీలైట్ ఎంత శాతం? ఘనపరిమాణంలో శాతం కనుక్కుని ఆగిపోకండి, నేను అడిగింది బరువు.