సొంతంగా కూర్చిన ఎయిర్‌సాఫ్ట్ గేర్‌బాక్స్ – ఐదో పాఠం: యాంత్రిక లోపాలను పట్టుకోవడం

ఎయిర్‌సాఫ్ట్ అంటే ప్లాస్టిక్ గుండ్లు పేల్చే ఆట తుపాకీ; మోటార్ బలంతో పిస్టన్‌ను వెనక్కి లాగి, అది ముందుకు దూకినప్పుడు పుట్టే గాలితో గుండును నెట్టే పెట్టెే గేర్‌బాక్స్. గత పాఠంలో వెర్షన్ 2 అనే నమూనా గేర్‌బాక్స్‌లోని భాగాలన్నింటినీ అమర్చి మూత బిగించాము. వేర్వేరు తయారీదారుల గేర్లు, పిస్టన్, సిలిండర్ హెడ్ తెచ్చి కూర్చిన పెట్టె మొదటిసారే సాఫీగా నడవడం అరుదు. ఒక్కో భాగం తన కొలతలో సరిగ్గానే ఉన్నా, అవన్నీ కలిసే చోట మిల్లీమీటరులో పదో వంతు తేడా ఉంటే చాలు, గేర్లు ఒరుసుకుంటాయి. లోపం కనిపించగానే అన్నీ విప్పి, రెండు మూడు భాగాలు ఒకేసారి మార్చి మళ్లీ బిగించే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా చేస్తే తుపాకీ బాగుపడినా కారణం తెలియదు, బాగుపడకపోతే అనుమానించవలసినవి రెట్టింపవుతాయి. కాబట్టి పెట్టెను ఖాళీ స్థితి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క భాగం చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ పరీక్షిస్తూ ముందుకు వెళ్లాలి. లోపం ఏ దశలో తలెత్తితే ఆ దశలో చేర్చిన భాగాన్నే ముందు అనుమానించాలి.

తెరవడానికి ముందు మ్యాగజైన్ తీసి, గొట్టంలో గుండు మిగలలేదని చూసుకుని, బ్యాటరీ విడదీసి, కళ్లద్దాలు పెట్టుకోండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ముందుకు వచ్చే చక్రం మధ్యలో ఆగిపోయి ఉంటే స్ప్రింగ్ ఇంకా నొక్కుకునే ఉంటుంది. అప్పుడు మోటార్ తీసివేసి, మోటారుతో కలిసే బెవెల్ గేరును వెనక్కి తిరగనివ్వని యాంటీ రివర్సల్ ల్యాచ్‌ను సన్నని స్క్రూడ్రైవరుతో పక్కకు నెడితే స్ప్రింగ్ సాగి పిస్టన్ ముందుకు వెళ్తుంది. ఆ తరువాత కూడా స్ప్రింగులో కొంత బిగువు మిగిలే ఉంటుంది కనుక, వెనుక రంధ్రం గుండా ఒక ఆలెన్ కీని స్ప్రింగ్ గైడులోకి దూర్చి, దానిని వేలితో అదిమి పట్టుకునే మూత ఎత్తాలి.

మొదటి దశలో పెట్టెలో బుషింగులు (గేర్ల ఇరుసులు తిరిగే ఆధారాలు), మూడు గేర్లు (మోటారుతో కలిసే బెవెల్, మధ్యలో స్పర్, పిస్టన్‌ను లాగే సెక్టర్), షిమ్ములు (ఇరుసులకు తొడిగే పలుచని ఉంగరాలు) మాత్రమే ఉండాలి. పిస్టన్, స్ప్రింగ్, ల్యాచ్ ఏవీ ఉండకూడదు. మూత పెట్టి మరలన్నీ పూర్తిగా బిగించండి. రెండు మరలతో సరిపెడితే లోపలి ఖాళీ వాస్తవం కంటే ఎక్కువగా కనిపించి పరీక్ష మోసం చేస్తుంది. ఇప్పుడు వేలితో స్పర్ గేరును తిప్పితే మూడూ రెండు వైపులా తేలికగా తిరిగి, వేలు తీశాక కూడా కొంతసేపు తిరగాలి. వెంటనే ఆగిపోతే షిమ్ములు ఎక్కువయ్యాయి, లేదా గేర్లు ఒకదాని ముఖానికి మరొకటి తగులుతున్నాయి. ఇరుసు పైకీ కిందికీ ఆడితే షిమ్ములు చాలలేదు. అక్కడ సుమారు 0.1 మిల్లీమీటరు కదలిక మిగిలితే సరిపోతుంది. షిమ్ములు 0.1, 0.2, 0.3, 0.5 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతాయి కనుక కలిపి సర్దుకోవచ్చు. ఏ గేరుతో మొదలుపెట్టాలన్న విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మోటార్ పినియన్‌తో (మోటార్ ఇరుసు కొనన ఉండే చిన్న గేరుతో) నేరుగా కలిసేది బెవెల్ గేరు కాబట్టి దాని ఎత్తును ముందు స్థిరపరచి, స్పర్‌ను దానికి, సెక్టర్‌ను స్పర్‌కు సర్దడం నాకు సబబుగా అనిపిస్తుంది.

గేర్లు తేలికగా తిరుగుతున్నాయంటే గ్రిప్, మోటార్ అమర్చి, బ్యాటరీ కలిపి, ఒక్క క్షణం మాత్రం నడిపి వినండి. పినియన్ బెవెల్ గేరుకు మరీ దగ్గరగా ఉంటే మోటార్ బరువు లాగుతున్నట్టు గరగరలాడుతూ త్వరగా వేడెక్కుతుంది. దూరంగా ఉంటే కీచుమని సన్నగా అరుస్తూ పళ్ల అంచులను అరగదీస్తుంది. గ్రిప్ అడుగున ఉన్న చిన్న మరను ప్రతిసారీ పావు చుట్టు మాత్రమే తిప్పుతూ, మోత కనిష్ఠ స్థాయికి తగ్గిన చోట ఆపాలి. ఎక్కడ ఆపినా గరగర తగ్గకపోతే ఆ తప్పు మరలో లేదు, బెవెల్ గేరు షిమ్ముల్లోనే ఉంది.

తరువాతి దశ గాలి బిగువు. దీనిని పెట్టె బయటే పరీక్షించవచ్చు. సిలిండరుకు హెడ్ తొడిగి, పిస్టన్‌ను వెనక్కి లాగి, హెడ్ గొట్టం రంధ్రాన్ని వేలితో మూసి, పిస్టన్‌ను చురుకుగా ముందుకు నెట్టండి. గాలి బంధించబడి పిస్టన్ మధ్యలోనే ఎదురు నిలవాలి. మెల్లగా జారిపోతే పిస్టన్ హెడ్ ఓ-రింగ్‌కు పలుచగా సిలికాన్ గ్రీజు రాసి చూడాలి. అప్పటికీ జారితే సిలిండర్ హెడ్ అంచున టెఫ్లాన్ టేపు ఒకటి రెండు చుట్లు చుట్టాలి. ఇది నిలిచాక నాజిల్ (గుండును గొట్టంలోకి నెట్టే ముక్కు) తొడిగి, నాజిల్ కొనను మూసి మళ్లీ నెట్టండి. ఇప్పుడు మాత్రమే గాలి పోతుంటే లోపం నాజిల్‌దే. ఈ రెండు పరీక్షలను కలిపేస్తే మూడు చోట్లలో గాలి ఎక్కడ పోతున్నదో తేలదు. ఎం100 స్ప్రింగుతో 0.20 గ్రాముల గుండు సెకనుకు సుమారు 100 మీటర్ల వేగంతో, అంటే ఒక జౌల్ శక్తితో వెళ్లాలి. వేగం అంతకంటే బాగా తక్కువగా ఉన్నా, గుండు గుండుకూ మారుతున్నా, గట్టి స్ప్రింగ్ వేసి లోపాన్ని కప్పిపుచ్చకండి; గాలి ఎక్కడ పోతున్నదో వెతకండి.

ఇక పిస్టన్ పళ్లు విరగడం. సొంతంగా కూర్చిన పెట్టెల్లో ఎక్కువ డబ్బు తినేది ఇదే. సెక్టర్ గేరు మొదటి పన్ను పిస్టన్ మొదటి పన్నును చదునుగా తాకాలి. అంచుకు మాత్రమే తగిలితే ప్రతి చక్రంలోనూ సుత్తి దెబ్బ పడినట్టే. మూత తీసి, స్ప్రింగ్ లేకుండా పిస్టన్‌ను పూర్తిగా ముందుకు తోసి, సెక్టర్‌ను చేత్తో తిప్పుతూ ఆ రెండు పళ్లు కలిసే చోటును చూడండి. అంచుకే తగులుతుంటే సిలిండర్ హెడ్ లోపలి ముఖానికి తగిన మందం గల రబ్బరు ప్యాడ్ అతికించి పిస్టన్ నిలిచే చోటును వెనక్కి జరపాలి. అలా జరిపినప్పుడు సెక్టర్ పన్ను పిస్టన్ రెండో పన్నుకు అడ్డుపడుతుంది కాబట్టి ఆ రెండో పన్నును ఆకురాయితో పూర్తిగా తొలగించాలి. చేతికి అందిన ప్యాడ్ ఏదో ఒకటి అతికించడం కాక, పళ్లు కలిసే తీరును బట్టి మందం నిర్ణయించుకోవడమే ఇక్కడి నేర్పు.

మొదటి పన్ను నిక్షేపంగా ఉండి మిగిలిన వరుస నలిగిపోతే కారణం వేరు. సెక్టర్ సెకనుకు 25 చుట్లు తిరిగితే ఒక్కో చుట్టుకు 40 మిల్లీసెకన్లే దక్కుతాయి. పిస్టన్ వెనక్కి రావడం, మళ్లీ ముందుకు చేరుకోవడం రెండూ ఆ వ్యవధిలోనే ముగియాలి. స్ప్రింగ్ బలహీనంగానో పిస్టన్ బరువుగానో ఉంటే, అది ముందుకు చేరకముందే సెక్టర్ మళ్లీ వచ్చి తప్పు పన్నును పట్టుకుంటుంది. 11.1 వోల్టుల బ్యాటరీతో, 13:1 నిష్పత్తి గేర్లతో (మోటార్ 13 చుట్లకు సెక్టర్ ఒక చుట్టు తిరిగేవి) ఈ ప్రమాదం ఎక్కువ. 7.4 వోల్టుల బ్యాటరీ మార్చి చూసి, వరుస దెబ్బతినడం ఆగితే కారణం నిర్ధారణ అయినట్టే.

గుండ్లు సరిగా ఎక్కకపోవడానికి టాపెట్ ప్లేట్ (నాజిల్‌ను ముందుకూ వెనక్కీ కదిపే పలక) రిటర్న్ స్ప్రింగ్ సడలడం సాధారణ కారణం. ప్లేటు తన గాడిలో ఒరుసుకోకుండా కదులుతున్నదో లేదో చూస్తే చాలు. పెట్టె ముందు భాగంలో, సిలిండర్ బయటికి కనిపించే కిటికీ మూలల్లో, సన్నని పగుళ్లు ఉన్నాయేమో మాత్రం దీపం కింద జాగ్రత్తగా పరిశీలించండి. వెర్షన్ 2 పెట్టెలు ఎక్కువగా అక్కడే చీలతాయి. పగులు లేకపోతే ఆ మూలలను ఆకురాయితో కాస్త గుండ్రంగా చేయడం మంచిది.

వచ్చే పాఠానికి ముందు ఈ అభ్యాసం పూర్తి చేయండి: పిస్టన్ లేకుండా గేర్లను మాత్రం బిగించి, ఒక షిమ్మును కావాలని ఎక్కువ వేసి, ఆ తిరుగుడునూ ఆ మోతనూ గమనించి రాసుకోండి. ట్రిగ్గర్ కాంటాక్టులు, కటాఫ్ లీవర్, వైరింగ్ లోపాలను ఆరో పాఠంలో చూద్దాం.