టైమింగ్ బెల్టు తెగిన కారు ఇంజిన్‌లో నష్టం ఎంతో ఎలా తేల్చుకోవాలి?

నడుస్తున్న కారు ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్లీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఎప్పుడూ వినిపించే ఆగి ఆగి ముక్కుతున్నట్టుండే శబ్దానికి బదులు, కుట్టుమిషను తిరిగినట్టు ఒకే తీరుగా గిర్రుమనే శబ్దం వస్తే, టైమింగ్ బెల్టు (వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే రబ్బరు బెల్టు) తెగిందని అనుమానించడానికి అది చాలినంత ఆధారం. గాలిని లోపలికి రానిచ్చి పొగను బయటికి పోనిచ్చే వాల్వులు మూసుకోక సిలిండర్లలో గాలి నొక్కుకుపోవడం లేదు గనుక సెల్ఫ్ మోటారుకు ఎదురు ఉండదు. ఆ తేలికదనానికి కారణం అదే. ఆ శబ్దాన్ని ఒకసారి వింటే చాలు, నిర్ధారించుకోవడం కోసం రెండోసారి వినవలసిన పని లేదు.

బండి ఆగిన చోట

ఇంజిన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగా పడిన తర్వాత దాని పెడల్ నొక్కడానికి గట్టిపడిపోతుంది. కాబట్టి బ్రేకును పదే పదే నొక్కకుండా, ఉన్న వేగంతోనే బండిని పక్కకు తీసి, హెచ్చరిక లైట్లు వేసి, తాళం తీసేయాలి. ఇక ఆ తాళాన్ని మళ్లీ తిప్పకూడదు. బెల్టు తెగిన క్షణంలో వంగిన వాల్వు మీదికి, సిలిండర్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్ మళ్లీ మళ్లీ వచ్చి తగిలితే, వంగి ఊరుకున్నది విరిగి సిలిండర్‌లో పడవచ్చు. అలా పడిన ముక్క పిస్టన్‌నూ, వాల్వులుండే ఇంజిన్ పైభాగమైన హెడ్‌నూ రెంటినీ పాడుచేస్తుంది. గేరులో వేసి తోసి స్టార్ట్ చేయించడం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు పిస్టన్లకు కలిపి ఉండే క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పేది బండి బరువంతా. మాన్యువల్ గేరు బండిని లాగించవలసి వస్తే న్యూట్రల్‌లో ఉంచే లాగించాలి. ఆటోమేటిక్ బండిని లారీ మీదకు ఎక్కించి తరలించడమే క్షేమం.

లోపల ఏం జరుగుతుంది

క్రాంక్ షాఫ్ట్ రెండు సార్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒకసారి తిరగాలి. ఆ లెక్కను పళ్లున్న రబ్బరు బెల్టు కాపాడుతూ ఉంటుంది. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో క్రాంక్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బెల్టు తెగగానే వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ దాదాపు అక్కడికక్కడే ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి, పిస్టన్లు మాత్రం బండి ఊపుతో ఇంకా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాయి.

ఆ తర్వాతి కథ ఇంజిన్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. పూర్తిగా తెరుచుకున్న వాల్వుకూ పైకి వచ్చిన పిస్టన్‌కూ మధ్య ఖాళీ మిగిలే ఇంజిన్ అయితే కొత్త బెల్టు వేసి టైమింగ్ కడితే (క్రాంక్, క్యామ్‌ల మార్కులను కలిపితే) సరిపోతుంది. ఆ రెండూ వంతులవారీగా ఒకే చోటును వాడుకునే ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ అయితే ఢీకొనడం దాదాపు తప్పదు. డీజిల్ ఇంజిన్లను మొదటి నుంచీ ఈ రెండో జాతిగానే లెక్కగట్టాలి. వాటిలో గాలిని ఎక్కువగా నొక్కడం కోసం పైన వదిలే చోటు చాలా తక్కువ. మీ ఇంజిన్ ఏ రకమో దాని కోడ్‌ను బట్టి సర్వీస్ మాన్యువల్‌లో చూసి తెలుసుకోవాలి. ఒకే మోడల్ కారులో రెండు మూడు రకాల ఇంజిన్లు రావడం మామూలే కాబట్టి, పక్కింటివారి బండికి ఏమీ కాలేదన్న మాట మీ బండికి పనికిరాదు.

బెల్టు సంగతి

పై కవరు విప్పి చూస్తే బెల్టు తెగి వేలాడుతూ కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. చాలాసార్లు బెల్టు చెక్కుచెదరనట్టే ఉంటుంది గానీ కింద క్రాంక్ పుల్లీ దగ్గర పళ్లు ఊడి నున్నగా అయిపోయి ఉంటాయి. అందువల్ల బ్యాటరీ తీగ తీసేసి, క్రాంక్ బోల్టును స్పానర్‌తో కొద్దిగా మాత్రమే తిప్పుతూ, పైన క్యామ్ పుల్లీ కదులుతున్నదా అని చూడాలి. చేతికి ఏదైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి.

తెగిన బెల్టును పారేయనివ్వకండి. నూనెతో తడిసి ఉబ్బి ఉంటే ఆయిల్‌ను ఆపే సీలు కారుతున్నట్టు, ఒక అంచు నలిగి పోగులు లేచి ఉంటే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ గాని పుల్లీ గాని వంకరగా నడిచినట్టు అర్థం. బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు బిగుసుకుపోయి తెంపడం కూడా జరుగుతుంది. కారణం దొరకకుండా కొత్త బెల్టు వేస్తే అదీ అదే దారి పడుతుంది.

హెడ్ దించే ముందు

చాలా చోట్ల హెడ్ దించకుండానే చేయగల పరీక్షలను దాటవేసి నేరుగా హెడ్ దించేస్తారు. నా ఉద్దేశంలో అది తొందరపాటు, ముఖ్యంగా పెట్రోల్ ఇంజిన్ తక్కువ వేగంలో ఆగిపోయినప్పుడు. ముందుగా స్పార్క్ ప్లగ్గులు విప్పి, సన్నని గొట్టం కెమెరాను ఆ రంధ్రాల గుండా దించి పిస్టన్ తలలను చూడాలి. మసి పట్టిన నల్లటి తల మీద నెలవంక ఆకారంలో తళతళలాడే కొత్త గీత కనిపిస్తే, అక్కడ వాల్వు అంచు తగిలినట్టే. గీత లేదంటే వాల్వు బాగుందని పూర్తి భరోసా మాత్రం కాదు.

తర్వాత తాత్కాలికంగా టైమింగ్ కట్టి పరీక్షించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: క్యామ్‌ను మార్కుకు తిప్పే ముందు క్రాంక్‌ను మార్కు నుంచి సుమారు పావు చుట్టు పక్కకు తిప్పి పెట్టాలి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అప్పుడు పిస్టన్లన్నీ మధ్యలో ఉంటాయి కాబట్టి తెరుచుకునే వాల్వులకు ఏదీ అడ్డు రాదు. క్యామ్ మార్కు కలిశాక క్రాంక్‌ను తీసిన దారినే వెనక్కి తెచ్చి, బెల్టు వేసి, చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిసిన తర్వాతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి. ఒక సిలిండర్‌లో గేజి ముల్లు లేవకపోయినా, మిగతావాటి కంటే బాగా తక్కువ చూపినా, ఆ సిలిండర్ వాల్వులను అనుమానించాలి.

ఇంతకంటే స్పష్టంగా చెప్పేది లీకేజి పరీక్ష. రెండు వాల్వులూ మూసుకుని ఉండవలసిన స్థితిలో పిస్టన్‌ను పైన నిలిపి, ప్లగ్గు రంధ్రం నుంచి గాలి పట్టించి చెవి పెట్టి వినాలి. ఆ గాలి, ఇంజిన్ గాలి పీల్చే గొట్టం వైపు బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడం లేదు. ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా వస్తే పిస్టన్ గాని దాని చుట్టూ ఉండే రింగులు గాని దెబ్బతిన్నాయని, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ కింద పరిచే గ్యాస్కెట్‌లోనో హెడ్‌లోనో లోపం ఉందని తెలుస్తుంది. అన్ని సిలిండర్లూ బాగుంటే హెడ్ జోలికి పోనవసరం లేదు.

హెడ్ దించిన తర్వాత

వాల్వు వంపు చాలాసార్లు కంటికి కనిపించదు. విప్పిన వాల్వు కాడను ఒక చదునైన గాజు పలక మీద దొర్లిస్తే తల ఊగిసలాట తెలుస్తుంది. హెడ్‌ను పోర్టులు (వాల్వుల దగ్గరికి గాలి, పొగ వెళ్లే దారులు) పైకి వచ్చేలా తిప్పి, వాటిలో కిరోసిన్ పోసి, వాల్వు చుట్టూ తడి ఊరుతున్నదా అని చూడడం పాత పద్ధతే అయినా నమ్మదగినదే. వంగిన వాల్వును సరిచేసి వాడడం ఎంతమాత్రం తగదు; కొత్తది వేసి, వాల్వు కాడ జారే గైడు పగిలిందేమో చూసి, వాల్వు తల ఆనే సీటు కుదిరేలా రుద్దించాలి. కొన్ని డీజిల్ ఇంజిన్లలో వాల్వులు నిటారుగా ఉండడం వల్ల దెబ్బ నేరుగా వాల్వులను నొక్కే రాకర్ల మీద పడి అవే విరుగుతాయి. అలాంటప్పుడు రాకర్లు మార్చి ఊరుకోకుండా క్యామ్ షాఫ్ట్ పగులునూ చూడాలి.

కింది భాగంలో ప్రతి పిస్టన్‌నూ పూర్తిగా పైకి తెచ్చి, సిలిండర్లుండే బ్లాకు ఉపరితలంతో దాని ఎత్తును కొలవాలి. ఒకటి మాత్రం మిగతావాటి కంటే కిందనే ఆగితే దాన్ని క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగినట్టే. పిస్టన్ తల మీద లోతు తక్కువ గీతలుంటే నునుపు చేసి వాడుకోవచ్చు గానీ, పగులు గాని రంధ్రం గాని ఉంటే ఇంజిన్ దించక తప్పదు. అప్పుడే మరమ్మతు ఖర్చును వేరే ఇంజిన్ ధరతో పోల్చి చూడాలి, అంతకు ముందు కాదు.

తిరిగి బిగించేటప్పుడు

బెల్టుతో పాటు టెన్షనర్, పుల్లీలు, బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు, క్యామ్ క్రాంక్ సీళ్లు ఒకేసారి మార్పించాలి. హెడ్ దించితే గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. హెడ్ బోల్టులు చాలా ఇంజిన్లలో బిగించినప్పుడు సాగే రకం కనుక అవీ కొత్తవే ఉండాలి. బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్ అయితే అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పి, ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కున్న రబ్బరు పొడిని తప్పకుండా తీయించాలి, లేకపోతే బాగుచేసిన ఇంజిన్ ఆయిల్ అందక పాడవుతుంది. చివరగా ఇంజిన్‌ను మళ్లీ చేత్తో రెండు చుట్లు తిప్పించి, మార్కులు కలిసినట్టు మీ కళ్లతో చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టనివ్వండి. బెల్టు మార్చిన తేదీనీ, అప్పటి కిలోమీటర్లనూ ఒక చీటీ మీద రాసి బెల్టు కవరు మీద అతికించండి. మాన్యువల్ చెప్పిన గడువు కిలోమీటర్లకే కాదు, సంవత్సరాలకు కూడా వర్తిస్తుంది.